ఐస్ ఫ్యాక్టరీలో ఎర్ర సూర్యుడు

మా ఓకినోహమ రేవులో పొద్దుగూకాక ఆ పాత ఐస్ ఫ్యాక్టరీ ముందు నుంచి ఎవరూ నడవరు. చేపల పడవలు దిగినవాళ్ళు చలికి పళ్ళు కొట్టుకుంటున్నా సరే, గుడి మెట్ల వైపు నుంచి చుట్టు తిరిగి ఇంటికి పోతారు. పీకలదాకా తాగినవాడికి కూడా ఆ మలుపు దగ్గరకొచ్చేసరికి మత్తు దిగిపోతుంది.

ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. నాది సెలూను, కత్తెర ఆడుతున్నంతసేపూ నోరు ఊరుకోదు. కాబట్టి నేను చెప్తాను. మీరు దూరంవాళ్ళు కదా, మా ఊళ్ళో మాత్రం అనకండి.

ఆ అల, అదే సునామీ, వచ్చిన వారం శవాలకి చోటు చాల్లేదు. బడి హాలు నిండిపోయింది. గుడి నిండిపోయింది. ఊరు మొత్తానికి చల్లగా ఉన్న చోటు అదొక్కటే... కరెంటు పోయినా గోడలు మందం, లోపల ఐస్ దిమ్మలు ఇంకా పూర్తిగా కరగలేదు. చేపలు పెట్టే చోట మనుషుల్ని పెట్టాం. వరసగా. నేనూ మోశాను.

అప్పటి నుంచీ రాత్రిళ్ళు ఆ ఇనప తలుపు వెనకాల తడికాళ్ళ చప్పుడు వినిపిస్తుందని ఒకడంటాడు. లోపలి నుంచి ఎవరో గోరుతో గీకుతారని ఇంకొకడు. నేనైతే వినలేదు. వినేంత దగ్గరికి నేనూ వెళ్ళలేదు లెండి.

అలాంటి చోటుని ఏరికోరి అడిగాడు సెరిజావా.

టోక్యో ఆర్టిస్టు. నలభై దాటినవాడు, మెత్తగా మాట్లాడతాడు, నల్లబట్టలు తప్ప వెయ్యడు. అల వచ్చి ఏడేళ్ళయ్యాక మా తీరం పొడుగునా పెద్ద కళా ఉత్సవం పెట్టారు. ఊరూరికీ ఒక ఆర్టిస్టుని పంచారు. మాకు ఈయన వచ్చాడు. ఊరంతా పోస్టర్లు అంటించారు — "విపత్తు తర్వాత జపాన్ వాడంటే ఎవరు?" అని.

"ఎవరేంట్రా, నెత్తిన కప్పు లేనివాడు," అన్నాడు తామొత్సు, నా కుర్చీలో కూర్చుని ఆ పోస్టరు చదివి. తామొత్సు నాతోపాటు బడికెళ్ళినవాడు. వాడి పడవని అల తీసుకుపోయింది. అప్పట్నుంచి దొరికిన పనల్లా చేస్తున్నాడు.

నాకు ఆ పోస్టరు చూస్తే ఒళ్ళు మండేది. అల వచ్చినప్పుడు లోకమంతా మమ్మల్ని మెచ్చుకుంది. దోచుకోలేదట. అరవలేదట. నీళ్ళ సీసాకి కూడా వరసలో నిలబడ్డారట, ఆహా, జపాన్ వాళ్ళంటే వీళ్ళే కదా అని టీవీల్లో ఒకటే పొగడ్త. నిలబడ్డ మాట నిజమే. అరిచే ఓపిక లేక నిలబడ్డాం. దాన్ని కూడా మా గుణం కింద రాసేసుకున్నారు.

సరే, సెరిజావా పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ లోపల పెద్ద గోడకి తెల్ల సున్నం కొట్టించాడు. దాని మీద ముగ్గురు మనుషులంత ఎత్తున ఎర్రటి గుండ్రం. జెండా మీద సూర్యుడన్నమాట. కానీ రంగుతో కాదు, వస్తువులతో. అల వదిలేసి పోయిన బురదలో దొరికిన ఎర్ర వస్తువులు. లక్క గిన్నెలు, పిల్లల వానబూట్లు, గుడి వంతెన కమ్మీలు, ఎవరిదో పెళ్ళినాటి పట్టు పరుపు గలీబు, మంటలార్పే డబ్బా... అన్నీ మేకులు కొట్టి గోడకి బిగించాడు.

ఆ వస్తువులన్నీ అంతకుముందు దాకా పాత బడి హాల్లో ఉండేవి. బురద కడిగి, ఆరబెట్టి, బల్లల మీద పేర్చి ఉంచారు. ఎవరివి వాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి. ఏడేళ్ళలో తీసుకెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళారు. మిగిలినవి అనాథలు. హాలు కూలగొట్టాలి, వీటినేం చెయ్యాలో తెలియక మునిసిపాలిటీ వాళ్ళు తల పట్టుకుని కూర్చున్న వేళ ఈయన అడిగాడు. అడిగిందే తడవుగా లారీకెత్తించేశారు.

సూర్యుడికి నట్టనడుమ ఒక ఎర్ర తోలు బడిసంచి ఉంది. ఆడపిల్లది. అది మాత్రం అనాథ కాదు.

అది మినోరిది.

మినోరి మూడో తరగతి. వాళ్ళమ్మ ఇకుయో సముద్రపు నాచు ఆరబెట్టే షెడ్డులో పని చేస్తుంది. ఆ పిల్ల దొరకలేదు. చెయ్యి గాని, చెప్పు గాని, ఏదీ దొరకలేదు. సంచి మాత్రం రెండు మైళ్ళ అవతల వరిపొలంలో దొరికింది.

ఇకుయో ప్రతి గురువారం ఆ హాలుకి వెళ్ళేది. సంచి తుడిచేది. మూత తీసి, లోపల పేరు రాసిన అట్టముక్క చూసి, మళ్ళీ మూసేది. పక్కన కూర్చుని కాసేపు ఏదో మాట్లాడి ఇంటికొచ్చేది. సంచి మాత్రం తెచ్చుకునేది కాదు.

ఒకసారి నేనే అడిగాను, జుట్టు కత్తిరిస్తూ. "తెచ్చేసుకోరాదూ, ఇకుయో? అన్నేళ్ళు అక్కడెందుకు?"

అద్దంలో నన్ను వింతగా చూసింది. "అదెలాగన్నయ్యా? మినోరికి నేనే కదా చెప్పాను. ఏదైనా పోతే ఏడవకు, పోయిన వస్తువులు పెట్టే చోటికెళ్ళి నీ పేరు చెప్పు, ఇస్తారు అని. పిల్ల వచ్చి అడిగేసరికి సంచి అక్కడ లేకపోతే?"

నేనేం అనను? మా దగ్గర పిల్లలందరికీ నేర్పేది అదే. గొడుగు పోయినా, టోపీ పోయినా, ఎవరో ఒకరు తెచ్చి అప్పజెప్తారు, వెళ్ళి పేరు చెప్తే ఇస్తారు. చనిపోయిందని అందరం అనుకున్న పిల్ల కోసం ఆవిడ ఆ ఒక్క ఆశ పట్టుకుని ఉంది. సంచి అక్కడున్నన్నాళ్ళూ మినోరి రావడానికి వీలుంది. ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ చావు కర్మలు అయిపోయాయి. ఇకుయో మరణపత్రం కూడా రాయించలేదు.

హాలు ఖాళీ చేస్తున్నట్టు నోటీసు అంటించారు. ఇకుయో చదివింది కూడా. "నేను వారం వారం వస్తున్నాగా, అది దిక్కులేని వస్తువెలా అవుతుంది," అనుకుంది. ఆ గురువారం వెళ్ళేసరికి బల్ల లేదు. హాలూ లేదు.

మునిసిపాలిటీలో ఉత్సవం పనులు చూసే కోమియా దగ్గరికి పరుగెత్తిందట.

"ఎవరూ తీసుకెళ్ళని వాటిల్లో ఉందమ్మా అది," అన్నాడట కోమియా.

"నేను ప్రతి వారం వస్తూనే ఉన్నా కదండీ."

"వచ్చారు. తీసుకెళ్ళలేదు కదా."

"నేను తీసుకెళ్ళడానికి అది నాది కాదండీ. మా అమ్మాయిది. అది వచ్చి అడుగుతుంది."

కోమియా చెడ్డవాడు కాదు. నీళ్ళు నమిలి, గొంతు తగ్గించి, "చనిపోయినవాళ్ళ బంధువులుగా అడిగితే ఈరోజే ఇప్పించేస్తాను. ఒక్క మాట... అమ్మాయి చనిపోయిందని..."

"ఆ మాట అనను. ఎక్కడున్నది అక్కడ పెట్టండి, అంతే చాలు."

అది ఉన్న చోటే లేకుండా పోయింది కదా, ఎక్కడ పెడతారు? తిరిగి వచ్చేసింది. షెడ్డులో నాచు ఏరుతూ ఎవరితోనూ మాట్లాడేది కాదట.

ఇక రాత్రి సంగతి.

ఉత్సవం ఇంకో వారంలో మొదలవుతుందనగా ఫ్యాక్టరీకి కాపలా మనిషి కావాలన్నారు. ఊళ్ళో ఒక్కడూ ఒప్పుకోలేదు. తామొత్సు ఒప్పుకున్నాడు.

"అక్కడున్న దెయ్యాలన్నీ మనవాళ్ళేగా, ఒరే షోజో," అన్నాడు నాతో. "బతికుండగానే నా మొహం చూస్తే తప్పుకునేవాళ్ళు. చచ్చాక నా జోలికొస్తారా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. మొదటి రాత్రి అయ్యాక పొద్దున్నే నేను షట్టరు ఎత్తుతుంటే, మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

వాడు చెప్పింది చెప్పినట్టు చెప్తున్నా.

ఆ రాత్రి మంచు దట్టంగా దిగిందట. కొత్తగా కట్టిన సముద్రం గోడ అవతల అలలు వినిపిస్తున్నాయి గాని, కనిపించవు కదా. లోపల ఒక చిన్న దీపం. ఎదురుగా ఆ ఎర్ర గుండ్రం. వాడు దానికి వీపు పెట్టి కూర్చున్నాడట. ఎటు తిరిగినా ఏదో చూస్తున్నట్టే ఉందట.

కునుకు పట్టబోతుండగా... తలుపు అవతల...

"ఏమండీ..."

చిన్నపిల్ల గొంతు.

తామొత్సు కలేమో అనుకున్నాడట. ఇనప తలుపు అవతల నుంచి మళ్ళీ... నెమ్మదిగా, మర్యాదగా...

"ఏమండీ... పోయిన వస్తువులు అడగాల్సింది ఇక్కడేనాండీ?"

అంతే. ఆ తర్వాత అలల చప్పుడు.

"తలుపు తీశావా?" అన్నాను.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు. "మూలకెళ్ళి గోడకి అతుక్కుపోయాను. మళ్ళీ వచ్చింది, ఒరే. అదే గొంతు, అదే మాట. తెల్లారేదాకా అలా వస్తూనే ఉంది. ఆ పిల్ల... చలిలో నిలబడి... ఎవరూ జవాబు చెప్పకపోయినా కోప్పడకుండా, అంత మర్యాదగా అడుగుతోందిరా."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడు.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ మా ఆవిడ లోపల టీ కాస్తోంది. మధ్యాహ్నానికల్లా నాచు షెడ్డుకి చేరిపోయింది కబురు.

సాయంత్రం ఇకుయో తామొత్సు ఇంటి ముందు నిలబడింది. ఏడవలేదు. బతిమాలలేదు. చేతిలో అన్నం ముద్దలు కట్టిన మూట ఉంది.

"అన్నయ్యా, ఈ రాత్రి నన్నూ రానివ్వు."

"వద్దమ్మా..."

"నా పిల్ల అడుగుతుంటే నువ్వు మూలన నక్కి కూర్చున్నావు. దానికి జవాబు చెప్పేవాళ్ళు కావాలి."

తామొత్సు కాదనలేకపోయాడు. ఆవిణ్ణి కాదనే ధైర్యం ఎవరికుంది చెప్పండి.

ఆ రాత్రి ఇద్దరూ లోపల కూర్చున్నారు. ఇకుయో సూర్యుడి కింద నిలబడి పైకి చూసిందట. సంచి అందనంత ఎత్తులో ఉంది, మూత గోడ వైపుకి తిప్పి, పట్టీల మీద నుంచి మేకులు కొట్టి ఉంది. "ఎన్ని మేకులు కొట్టాడో," అని మాత్రం అంది. తర్వాత వెళ్ళి తలుపుకి దగ్గరగా నేల మీద కూర్చుంది. అన్నం ముద్దల్లో ఒకటి విడిగా ఆకులో పెట్టి పక్కనుంచుకుంది.

దీపం చుట్టూ మంచు పట్టింది. చాలాసేపు ఏమీ లేదు. తామొత్సు లోలోపల మొక్కుకుంటున్నాడట. రావాలనా, రాకూడదనా... వాడికే తెలియదు.

అప్పుడు...

"ఏమండీ..."

ఇకుయో లేచి నిలబడింది.

"ఏమండీ... పోయిన వస్తువులు అడగాల్సింది ఇక్కడేనాండీ?"

ఆవిడ తలుపుకి చెంప ఆనించింది. ఆ ఇనుము ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు. గుసగుసగా, పిల్ల బెదురుతుందేమో అన్నట్టుగా అడిగింది.

"ఇక్కడే అమ్మా... ఎవరు నువ్వు? పేరు చెప్పు..."



అలలు కూడా ఆగినట్టయిందట.

అప్పుడు, ఇందాకటి కంటే దగ్గరగా, ఇందాకటి కంటే కిందగా... తలుపుకి అవతలి వైపు సరిగ్గా ఒక పిల్ల ఎత్తు దగ్గర నుంచి...

"మినోరి... మూడో తరగతి..."

ఇకుయో నోట్లోంచి వచ్చిన చప్పుడు ఏడుపు కాదు, అరుపు కాదు అన్నాడు తామొత్సు. గడియ మీద ఆవిడ వేళ్ళు ఆడటం లేదు. వీడే వెళ్ళి గడియ లాగి, భుజం పెట్టి తలుపు తోశాడు.

ఎవరూ లేరు.

మంచు. తడి సిమెంటు. టార్చి వెలుగు పడ్డంత మేర ఖాళీ రేవు.

"మినోరీ..." ఇకుయో చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తింది. గోడ దాకా వెళ్ళింది. వెనక్కొచ్చింది. "మినోరీ, అమ్మనే... అమ్మ ఇక్కడే ఉంది..."

ఆ క్షణంలో తామొత్సు టార్చి పైకి లేచింది. తలుపు మీది చూరులో ఏదో మెరిసింది. చిన్న ఎర్ర చుక్క.

ఒక పెట్టె. అన్నం డబ్బా అంత ఉంది. దానికి వైర్లు. ముందు భాగంలో సన్నటి జల్లెడ.

స్పీకరు.

వాడు దాన్ని చూస్తుండగానే అది గరగరమంది. "ఏమండీ..." అని మళ్ళీ మొదలెట్టింది. అదే గొంతు. అదే మర్యాద. తామొత్సు ఎగిరి ఆ పెట్టెని పీకి, నేలకేసి కొట్టి, బూటుకాలితో తొక్కాడు. ముక్కలయ్యేదాకా తొక్కాడు.

ఇకుయో చూస్తూ నిలబడిందట.

"నిన్న రాత్రి పేరు లేదమ్మా," అన్నాడట తామొత్సు రొప్పుతూ. "ఇవాళ పేరు కూడా చేర్చాడు, దరిద్రుడు. సంచిలో చూసుంటాడు."

ఆవిడ గడప మీద కూర్చుండిపోయింది. తెల్లారేదాకా అలాగే కూర్చుంది.

ప్రదర్శనలో భాగమట ఆ గొంతు. చీకటి పడ్డాక ఉండుండి పలికేలా పెట్టారట. మునిసిపాలిటీకి ముందే కాగితం పంపారట కూడా. మా ఊళ్ళో కాగితాలు అందరికీ వెళ్తాయి, తెలియాల్సినవాడికి తప్ప.

పొద్దున్నే సెరిజావా, కోమియా పరుగున వచ్చారు. అప్పటికి ఊరు సగం అక్కడుంది. నేనూ ఉన్నాను. శవాలు మోసిన ఆ వారం తర్వాత మాలో ఎవరూ ఆ రోజు దాకా అంత దగ్గరికి వెళ్ళినవాళ్ళు కాదు.

ఇకుయో లేచి నిలబడి సెరిజావా మొహంలోకి చూసింది. "ఆ గొంతెవరిది?"

"మా... మా అమ్మాయిదండీ."

"ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"తొమ్మిదేళ్ళ పిల్ల," అంది ఇకుయో. "బతికున్న పిల్ల చేత, కన్నకూతురి చేత... చచ్చిపోయిన పిల్ల మాటలు పలికించావా? అరిష్టమని కూడా అనిపించలేదా నీకు?"

అని ఆగిపోయింది.

తన నోట్లోంచి వచ్చిన మాట తనే విన్నది. మేమందరం విన్నాం. ఏడేళ్ళు ఎవరెంత చెప్పినా, ఎవరెంత బతిమాలినా అనని మాట. గుంపులో ఎవరో ఆడమనిషి "అయ్యో," అంది.

ఇకుయో మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. మెల్లగా కోమియా వైపు తిరిగింది.

"అవును. చనిపోయింది. మా అమ్మాయి చనిపోయిందండీ. అన్నాను కదా, ఇక మా సంచి మాకివ్వండి."

కోమియా చేతులు నలుపుకుంటున్నాడు. ఆవిడ మళ్ళీ సెరిజావా వైపు చూసి, ఈసారి చాలా నీరసంగా అంది. "పేరు కూడానా? దాని పేరు పెట్టి మరీ పలికించాలా?"

సెరిజావా తలెత్తాడు. "పేరా...?" అన్నాడు.

నేను ఆ మొహం చూశాను. అప్పుడు దొంగ మొహం అనుకున్నాను. దేవుడా, ఎంత తప్పుగా చూశానో.

ఇంకేదో అనబోయాడు. కోమియా చెయ్యి వెనక నుంచి అతని వీపు మీద పడింది. "మాస్టారూ... ముందు క్షమాపణ. ముందు క్షమాపణ చెప్పండి."

మా దగ్గర ఇది పద్ధతి. ఎవరైనా తప్పు పట్టినప్పుడు సంజాయిషీ ఇవ్వకూడదు. ఇచ్చావంటే సాకులు చెప్తున్నావని అర్థం. చేశావా లేదా అన్నది తర్వాత, ముందు నడుము వంచాలి. బడిలో వంచుతారు, ఆఫీసులో వంచుతారు, పెద్ద కంపెనీల వాళ్ళు టీవీ ముందు వరసగా నిలబడి వంచుతారు. ఎంత లోతుగా వంగితే అంత పెద్దమనిషి.

సెరిజావా వంగాడు. పక్కనే కోమియా వంగాడు. ఇద్దరి నడినెత్తులూ ఇకుయోకి కనిపించేంత వంగి, అలాగే ఉండిపోయారు. వంగినవాడితో ఇంకేం మాట్లాడతాం? ఆవిడా ఇంకేం అడగలేదు.

తర్వాత సెరిజావా తనే నిచ్చెనెక్కి మేకులు ఊడదీశాడు. ఒక్కొక్కటే. సంచి కిందికి తెచ్చి రెండు చేతులతో అందించాడు.

నెల తిరక్కుండా కర్మ జరిగింది. మరణపత్రం రాయించింది ఇకుయో. గుడి పూజారి మినోరికి, చనిపోయినవాళ్ళకి పెట్టే పరలోకపు పేరు పెట్టాడు. అస్థికలు లేవు కదా, వాటి బదులు ఆ సంచినే సమాధిలో పెట్టి రాయి మూశారు. ఊరంతా వెళ్ళాం. ధూపం వేశాం. "పోనీలే, ఇప్పటికైనా కుదుటపడింది," అని ఒకళ్ళతో ఒకళ్ళం చెప్పుకున్నాం. సెరిజావా చేసిన పాపం వల్ల ఓ మంచి జరిగిందని కూడా అన్నాం, సిగ్గులేకుండా.

తామొత్సు కాపలా మానలేదు. గొంతులేవీ లేవన్నాడు. స్పీకరు లేకపోతే దెయ్యమూ లేదు, ఇన్నాళ్ళూ ఉత్త పుణ్యానికి చుట్టు తిరిగి చచ్చామని వెక్కిరించాడు.

ఉత్సవం మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. సంచి తీసేసిన చోట సూర్యుడి నడుమ తెల్లటి ఖాళీ మిగిలింది. టోక్యో నుంచి బస్సులు వేసుకుని వచ్చినవాళ్ళు ఆ ఖాళీ ముందే ఎక్కువసేపు నిలబడ్డారు. పత్రికలో ఒకాయన "దేశం గుండెలో శూన్యం" అని రాశాడట. వాళ్ళూ వరసలోనే నిలబడ్డారు లెండి, ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా. నాకు వాళ్ళందర్నీ సముద్రంలోకి తోసెయ్యాలనిపించింది.

అన్నీ విప్పేసి, వస్తువులన్నీ మళ్ళీ లారీకెక్కించిన రోజున సెరిజావా నా సెలూనుకొచ్చాడు. గెడ్డం బాగా పెరిగిపోయింది. నాకు ముట్టుకోవాలని లేదు. కానీ కుర్చీలో కూర్చున్నాక ఎవడైనా ఒకటే. నురగ పట్టించి కత్తి తీశాను.

సగం మొహం అయ్యాక అద్దంలో నన్ను చూడకుండా అన్నాడు.

"ఒక సంగతి అడగొచ్చా? ఆ రాత్రి... ఆవిడ పేరు విన్నానన్నారు కదా."

"విన్నారు. ఇద్దరూ విన్నారు."

"రికార్డులో పేరు లేదండీ."

నా చెయ్యి ఆగింది.

"మా అమ్మాయి చెప్పింది ఒక్కటే మాట. 'పోయిన వస్తువులు అడగాల్సింది ఇక్కడేనా' అని. అది చెప్పేసి, నిద్రొస్తోందని వెళ్ళి పడుకుంది. పేరు మేం పెట్టలేదు. అసలు ఆ పిల్ల పేరు నాకు తెలియదు. సంచి మూత గోడ వైపు పెట్టి కొట్టేశాను కదా, లోపల చూడలేదు. ఆ పొద్దున మేకులు తీసి మూత తెరిచాకే చదివాను."

బయట వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు మోగింది.

"మరి ఆ రోజే చెప్పి ఏడవలేకపోయావా?" అన్నాను.

"చెప్పబోయాను... సాకులు చెప్తున్నాననుకుంటారని... ముందు క్షమాపణ చెప్పాలి కదా. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత సంచి ఇచ్చేశాం. తర్వాత కర్మ అన్నారు. ఇక ఎలా చెప్పను?"

అద్దంలోంచి వీధి కనిపిస్తోంది. ఎదురు కొట్లో ఇకుయో ముల్లంగి ఏరుతోంది. ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, కొట్టామెతో ఏదో అని నవ్వింది. ఆవిడ నవ్వగా చూసి నాకు ఏళ్ళయింది.

సెరిజావా కూడా చూశాడు. "ఆవిడకి చెప్పాలి కదండీ?" అన్నాడు గుసగుసగా.

"ఏమని చెప్తావు?" కత్తి వాడి మెడ మీదే ఉంది, తియ్యలేదు నేను. "ఏడేళ్ళు ఎదురుచూశావు, ఆ రాత్రి నీ కూతురు నిజంగానే వచ్చింది, నువ్వు నేర్పినట్టే పేరు కూడా చెప్పింది. తెల్లారేసరికి చచ్చిపోయిందని నువ్వే అందరి ముందూ చెప్పి, పిల్ల అడిగిన సంచి పట్టుకెళ్ళి రాయి కింద పెట్టావు అని చెప్తావా?"

నురగ మీద నుంచి వాడి కన్నీళ్ళు కారుతున్నాయి.

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఒకసారి వంగావు కదా," అన్నాను. "ఇక బతికున్నన్నాళ్ళూ అలాగే వంగి ఉండు."

మిగతా సగం గెడ్డం గీసి పంపించేశాను.